ఖాళీ అనుకున్న డ్రైవు

మా చిన్నాయినకు గొంతు ఆపరేషన్ అయిన యేడు, ఆయన షాపుల ఉన్న పాత కంప్యూటర్‌కు నేను లినక్స్ ఎక్కించిన. మంచికే చేసిన. ఆ పని చెయ్యకుంటే బాగుండు అని అనుకోని దినం మాత్రం ఇప్పటికీ లేదు.

చిన్నాయిన అంటే మా నాయినకు తమ్ముడు. మాది కేతేపల్లి. తాతల కాలంల గుంట జాగ లేని ఇల్లు. నాయిన కూలికి పోయి పోయి ఆఖరికి రెండెకరాలు చేసుకున్నడు. చిన్నాయినకు మట్టి పని అచ్చిరాలేదు. పదో తరగతి అయినంక టైపు నేర్చుకొని, ఆ ఊరు ఈ ఊరు తిరిగి, కల్వకుర్తిల శ్రీశైలం రోడ్డు మీద చిన్న మడిగె కిరాయికి తీసుకొని డీటీపీ షాపు పెట్టుకున్నడు. అక్కడనే చిన్నమ్మను చేసుకొని, షాపు వెనుక గల్లీలనే కాపురం పెట్టిండు. వాళ్లకు పిల్లలు కాలేదు. నేను కల్వకుర్తిల ఇంటర్ చదివిన రెండేండ్లు వాళ్లింట్లనే ఉన్న. కాలేజి అయిపోంగనే షాపుకు పొయ్యేదాన్ని. కీబోర్డు మీద ఏ వేలు ఎక్కడ పెట్టాల్నో నాకు చూపెట్టింది ఆయనే. ఆ చదువుతోనే తర్వాత మహబూబ్‌నగర్‌ల ఒక ఆఫీసుల కంప్యూటర్ ఆపరేటర్ నౌకరి దొరికింది.

పెండ్లి పత్రికలు, దినాల కార్డులు, అర్జీలు, అన్నీ టైపు చేసేటోడు. చదువు రానోళ్లు వచ్చి తమ గోడు చెప్పుకుంటే, టైపు చేసినంక దాన్ని పైకి చదివి వినిపించి, "గిదేనా నువ్వు చెప్పింది?" అని అడిగేటోడు. వాళ్లు తలకాయ ఊపేటోళ్లు. తమ బాధ అంత శుద్ధంగ, అంత గట్టిగ వినవడేసరికి కొందరికి కండ్లల్ల నీళ్లు తిరిగేటియి. ఆదివారం చర్చిల వాక్యం చదివేది కూడ ఆయనే. మైకు పాడైన దినం ఎవ్వరికీ ఫికర్ ఉండకపొయ్యేది.

తెలంగాణ వచ్చి, కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పుడు ఆయనకు చేతినిండ పని తగిలింది. అందరి లెటర్‌హెడ్ల మీద జిల్లా పేరు మారాలె గద. ఆ పనిల ఉండంగనే గొంతు బొంగురు పొయ్యింది. దుమ్ము అన్నడు, ఎండ అన్నడు, మిరియాల పాలు తాగిండు. మూడు నెలలు అట్లనే గడిపిండు. మహబూబ్‌నగర్ దవాఖానకు నేనే తోల్కపోయిన. వాళ్లు హైదరాబాద్ పొమ్మన్నరు. అక్కడి డాక్టర్ గొంతుల క్యాన్సర్ అని బొమ్మ గీసి చెప్పిండు. స్వరపేటిక మొత్తం తియ్యాలె, తీస్తే పాణం దక్కుతది, మాట మాత్రం రాదు. మెడ కింద ఒక బెజ్జం పెడతరు, ఇగ శ్వాస అండ్లకెల్లే.

చిన్నమ్మ ఒక్కటే అడిగింది, "మనిషి ఉంటడు గద సారూ?"

"ఉంటడమ్మా."

"అయితే తియ్యిండ్రి."

ఆపరేషన్‌కు మూడు వారాల గడువు ఇచ్చిండ్రు. ఆ మూడు వారాలు చిన్నాయిన ఎప్పటి తీర్గనే షాపుకు పోయిండు. ఆ తర్వాత ఆపరేషన్ అయ్యింది. ఇంటికి వచ్చిండు. మెడకు తెల్లటి గుడ్డ, చేతిల చిన్నపిల్లల పలక.

పలక మీద ఆయన అక్షరాలు అచ్చు గుద్దినట్టు ఉంటయి. అయినా బలపంతోని బతుకు ఎంతసేపు సాగుతది? చిన్నమ్మకు చదువు రాదు. ఆయన ఏమన్న రాసి చూపెడితే, ఆమె పలక పట్టుకొని పక్కింటికి పోయి చదివించుకొని వచ్చేది. నీళ్లు కావాల్నన్నా, నొప్పి ఉన్నదన్నా పక్కింటోళ్లకు ముందుగాల తెలిసేది, ఆమెకు తర్వాత తెలిసేది. ఒకసారి నేను పోయిన దినమే ఆయన ఏందో రాస్తే, ఆమె పలక పట్టుకొని గడప దాటబోయింది. ఆయన ఎంబడి ఉరికి, ఆ పలక గుంజుకొని అరచేతితోని తుడిపేసిండు. ఏం రాసిండో నాకు కనవడలేదు. పక్కింటోళ్లు చదవాల్సిన మాట కాదు అని మాత్రం అర్థమైంది.

ఆ దినమే నాకు కంప్యూటర్‌తోని మాట్లాడిపిస్తే ఎట్లుంటది అన్న ఆలోచన వచ్చింది. టైపు చేస్తే పైకి చదివే సాఫ్ట్‌వేర్లు ఉంటయని నాకు తెలుసు. చిన్నమ్మకు చదువు రాకున్నా చెవులున్నయి గద.

షాపుల ఉన్నది ముసలి మిషన్. అండ్ల ఉన్న విండోస్‌ది కాలం చెల్లింది. తెలుగు చదివే గొంతు దానికి లేదు. అట్లని దాన్ని తీసెయ్యడానికి లేదు. ఇరవై యేండ్ల నుంచి ఆయన టైపు చేసిన పనంతా పాత డీటీపీ అక్షరాలల్ల ఉన్నది, ఆ సాఫ్ట్‌వేర్ విండోస్‌ల తప్ప వేరే దాంట్ల తెరుచుకోదు. అందుకే విండోస్‌ను ఉన్నకాడ ఉంచి, దాని పక్కకు లినక్స్ పెడదామనుకున్న. మిషన్ ఆన్ చెయ్యంగనే రెండు పేర్లు వస్తయి. షాపు పనికి ఒకటి, మాట్లాడనీకె ఒకటి.

చిన్నాయినకు చెప్తే పలక మీద రాసిండు: "నాకు వస్తదా?"

"నాకు నేర్పింది నువ్వు. నీకెందుకు రాదు?" అన్న.

ఆయన నవ్విండు. శబ్దం లేని నవ్వు. భుజాలు మాత్రం ఊగినయి.

లినక్స్‌ల వందల రకాలు ఉంటయి. కొత్తోళ్లకు ఏది సులువు అని నెట్‌ల అడిగితే తలా ఒక మాట చెప్తరు. వాళ్లు చెప్పే కొత్తోళ్లు ఇంగ్లీషు వచ్చినోళ్లు, కొత్త ల్యాప్‌టాప్ ఉన్నోళ్లు. నా కొత్తోడు యాభై ఆరేండ్ల మనిషి, ఇంగ్లీషు అంతంత మాత్రం, మాట లేదు, దగ్గు వస్తే రెండు చేతులూ మెడ కాడికే పోతయి. ఆయనకు సులువైంది ఏదో ఎవ్వరూ రాయలేదు. వారం వారం ఒకటి పెన్‌డ్రైవుల ఎక్కించుకొని కల్వకుర్తి బస్సెక్కేదాన్ని. పెన్‌డ్రైవు నుంచి నడిపి చూసుకోవచ్చు, మిషన్‌ల ఏం మారదు.

మొదటి వారం ఉబుంటు తీసుకపోయిన. అందరు చెప్పే పేరు అదే. చూడనీకె బాగున్నది, గని మా మిషన్‌కు దాన్ని మోసే బలం లేదు. మౌస్ కదిలిస్తే బాణం ఆగి ఆగి వచ్చేది. చిన్నాయిన ఓపికగ చూసి, "ఇది నాకన్న ముసలిది" అని మిషన్ దిక్కు చూపెట్టి రాసిండు.

రెండో వారం ఇంకోటి. చాలా తేలికైంది, ముసలి మిషన్ల కోసమే చేసింది. మిషన్ లేడిపిల్ల లెక్క లేచింది, గని నేను పెట్టిన తీరుకు ఒత్తులు అక్షరం కిందికి రాక పక్కకు పోయి పడ్డయి. "క్రీస్తు" అని కొడితే ముక్కలు ముక్కలు కనవడ్డది. టైపు మనిషికి అది కండ్లల్ల ఇసుక. ఆయన కుర్చీల నుంచి లేచిపోయిండు. మూడో వారం ఒకదాంట్ల అక్షరాలు సక్కగనే ఉన్నయి, మెనూ ఎక్కడున్నదో దొరకలేదు. ప్రతిదానికి మూల మూలకు మౌస్ తిప్పాలె. అప్పుడు ఆయనకు దగ్గు తెర వచ్చింది, గుడ్డ తడిసింది. చిన్నమ్మ వచ్చి, "వద్దు బిడ్డా, ఆయనను సతాయించకు" అన్నది. నేను బస్‌స్టాండ్‌ల కూసోని ఇగ ఇడిసిపెడదాం అనుకున్న.

నాలుగో వారం మింట్ తెచ్చిన. అండ్ల కూడ తేలిక రకం ఉంటది. కింద ఎడమ మూలకు మెనూ, పక్కకు గడియారం, అంతా ఆయనకు అలవాటైన తీరే. అక్షరాలు పెద్దగ చేసిన. ఒత్తులు కిందికే వచ్చినయి. కీబోర్డుల పట్టీ తిప్పుకుంట పోతే, ఆయన డీటీపీల వాడే అమరికకు చానా దగ్గరిది ఒకటి దొరికింది. పెట్టి, "కొట్టు చిన్నాయినా" అన్న. ఆయన వేళ్లు కీబోర్డు మీదికి పోయినయి. కండ్లు తెర మీదనే ఉన్నయి, కిందికి చూడలేదు. మొదటి వాక్యంల రెండు తప్పులు, రెండో దాంట్ల ఒకటి, మూడో దాంట్ల లేనే లేవు.

నేను చదివే సాఫ్ట్‌వేర్ తెరిచి చిన్నమ్మను పిలిచిన. ఆయన కొట్టిండు. మిషన్ డబ్బాల నుంచి మాట్లాడినట్టు, దీర్ఘాలు ఎక్కడ పడితే అక్కడ గుంజుకుంట, "ఆకలి అయితాంది, అన్నం పెట్టు" అన్నది.

చిన్నమ్మ రెండడుగులు వెనుకకు పోయింది. "గీడెవడు?" అన్నది.

"చిన్నాయిననే. ఆయన కొట్టిందే అది చెప్తాంది."

"ఆయన గొంతు గిట్లుండదు" అన్నది చిన్నమ్మ. అన్నది గని, ఉరికిపోయి కంచంల అన్నం పెట్టుకొచ్చింది. పక్కింటికి పోకుండ ఆయన మాట ఆమెకు నేరుగ అందిన మొదటి దినం అది. ఆయన తిన్నంతసేపు ఆమె మిషన్ దిక్కే చూసుకుంట కూసున్నది.

పలక మీద ఆయన రాసిండు: "గిదే పెట్టు."

ఆ తర్వాతి ఆదివారం చర్చి అయినంక షాపు షట్టర్ తీసినం. లినక్స్‌కు జాగ కావాలె. ఆ మిషన్‌ల మూడు డ్రైవులు ఉన్నయి. సీ ల విండోస్, డీ ల షాపు పనంతా. మూడోది 'ఈ' డ్రైవు, దాన్ని తెరిచి చూసిన. పాత ప్రింటర్‌తోని వచ్చిన సాఫ్ట్‌వేర్, ఎన్నడో ఆడిన పేక పత్తాల ఆట, అంతే. డీ మొత్తం పెద్ద పెన్‌డ్రైవులకు కాపీ పెట్టిన. నా పని నాకు తెలుసు అన్న ధీమ. ఆఫీసుల ఎన్ని మిషన్లకు ఈ పని చెయ్యలేదు నేను?

కాపీ అవుతుండంగ చిన్నాయిన షాపు ముందట అరుగు మీద కూసొని మెడ కాడి గొట్టం తీసి తుడుచుకుంటున్నడు. అది రోజు చేసుకోవాల్సిన పని. అప్పుడు పలక పట్టుకోరాదు, రెండు చేతులూ కావాలె. నేను లోపటి నుంచే అడిగిన, "చిన్నాయినా, ఈ డ్రైవుల ఏమన్న ఉన్నదా? లినక్స్ అండ్ల పెడుతున్న."

ఆయన తల తిప్పి నా దిక్కు చూసి ఒక చెయ్యి లేపిండు. అరచెయ్యి నా దిక్కు పెట్టి రెండుసార్లు అటిటు ఊపిండు.

ఏం లేదు అంటున్నడు అనుకున్న.

తర్వాత ఎన్నిసార్లు ఆ చెయ్యిని మనసుల మళ్ల చూసుకున్ననో లెక్క లేదు. ఒక అడుగు బయటికి పోయి అడిగితే అయిపోయేది. మూడు బస్సులు మారి పోవాల్సిన దూరం కాదు, ఒక్క అడుగు. గని ఆ దినం నాకు మహబూబ్‌నగర్ బస్సు అందుకోవాల్నన్న తొందర ఉండె. నాలుగు వారాలు తిరిగినంక సరైంది దొరికిందన్న సంబురం ఉండె. తెర మీద ఆ డ్రైవు పేరు మీద నొక్కిన. ఫార్మాట్ అన్నకాడ టిక్కు పెట్టిన. ఇది పోతే మళ్ల రాదు, సరేనా అని మిషన్ అడిగింది. సరే అన్న.

ఆయన గొట్టం పెట్టుకొని లోపలికి వచ్చేసరికి తెర మీద నీలం పట్టీ సగం దాటింది. ఆయన దాని దిక్కు చూసిండు, నన్ను చూసిండు. లినక్స్ ఎక్కుతాంది అని చెప్పిన. తలకాయ ఊపిండు. ఆ పట్టీ ఏ డ్రైవు మీదకెల్లి పోతాందో తెర మీద రాసిలేదు. ఆయన చూపుతోని అడిగిన దానికే జవాబు ఇచ్చిన అని నేను అనుకున్న. నేను ఆ డ్రైవును ఇడిసిపెట్టి వేరే జాగల ఎక్కిస్తున్న అని ఆయన అనుకున్నడు.

ఇరవై దినాలు మంచిగ గడిచినయి. చిన్నమ్మ ఫోన్ చేసి ముచ్చట్లు చెప్పేది. మిషన్‌ను షాపు నుంచి ఇంటికి తెచ్చుకున్నరు. పొద్దున లేవంగనే ఆ డబ్బా గొంతు ఆమెను పిలుస్తాందట. కూరల ఉప్పు ఎక్కువైందని కూడ చెప్తాందట. "నోరు పోయినా కొట్లాట పోలేదు" అన్నది. ఆ మాట అన్నప్పుడు ఆమె నవ్విన నవ్వు నాకు ఇంకా యాదికున్నది. నేను ఆఫీసుల అందరికీ చెప్పుకున్న.

ఆ తర్వాత ఒక మాపటీలి చిన్నాయిన ఫోన్‌ల మెసేజ్ పెట్టిండు. "ఈ డ్రైవు కనవడ్తలేదు."

"అదే గద చిన్నాయినా లినక్స్‌కు ఇచ్చింది. విండోస్‌ల కనవడదు" అని రాసిన.

చదివిండని నీలం గుర్తులు పడ్డయి. జవాబు రాలేదు. రెండో దినం కూడ రాలేదు. ఫోన్ చేస్తే చిన్నమ్మ ఎత్తి, "రెండు దినాల సంది ఆ మిషన్ జోలికి పోతలేడు, ఏందో పరేషాన్‌గ ఉన్నడు" అన్నది. శనివారం సెలవు పెట్టి పోయిన.

చిన్నమ్మ నీళ్లకు పోయింది. మేమిద్దరమే ఉన్నం. నేను ఆయన ముందట కూసొని, "ఏం ఉండె అండ్ల?" అని అడిగిన. ఆయన పలక తీసుకొని తుడిచిండు. తర్వాత రాసిండు.

"నా మాటలు."

నాకు మొదలు సమజ్ కాలేదు. ఆయన తుడిపి మళ్ల రాసిండు. తుడిపి మళ్ల రాసిండు. అట్ల ముక్కలు ముక్కలుగ నాకు తెలిసింది. ఆపరేషన్‌కు డాక్టర్ గడువు ఇచ్చిన మూడు వారాలల్ల, పొద్దటి పూట షాపు షట్టర్ సగం దించుకొని, కంప్యూటర్‌కు మైకు పెట్టుకొని ఆయన తన గొంతు రికార్డ్ చేసుకున్నడు. పదకొండు రికార్డులు. అన్నీ చిన్నమ్మ కోసం. ఆమెకు చదువు రాదు, రాసిపెడితే లాభం లేదు. అందుకే మాట్లాడిపెట్టిండు. షాపుకు వచ్చేటోళ్లు ఎవరన్న తెరుస్తరని ఫోల్డర్‌ను కనవడకుండ దాసిండు. అది ఎట్ల దాయాల్నో, నేను ఇంటర్ల ఉన్నప్పుడు ఆయనకు చెప్పింది నేనే.

"ఆమెకు ఇయ్యలేదా?" అన్న.

"ధైర్యం రాలేదు," అని రాసిండు. తర్వాత, "కొన్ని దినాలైనంక ఇద్దామనుకున్న."

అప్పుడు నేను ఆ ఆదివారం చెయ్యి సంగతి అడిగిన. అడగకుండ ఉండాల్సింది. "నువ్వు ఏం లేదన్నవు గద చిన్నాయినా. చెయ్యి ఊపితివి గద."

ఆయన బలపం పట్టుకొని ఒకటే మాట రాసిండు.

"ఆగుమన్న."

నేను ఆయన కాళ్ల మీద పడి ఏడ్చిన. ఆయన నా నెత్తి మీద చెయ్యి పెట్టిండు. కోపం చేస్తే బాగుండు. కోపానికి కూడ గొంతు కావాలెనేమో. కొంచెంసేపటికి నన్ను లేపి పలక చూపెట్టిండు: "మీ చిన్నమ్మకు చెప్పకు."

ఆ పూటనే హార్డ్‌డిస్క్ విప్పి సంచిల పెట్టుకొని వచ్చిన. పోయిన ఫైళ్లు తెచ్చే సాఫ్ట్‌వేర్లు ఉంటయి. ఆఫీసుకు రెండు దినాలు సెలవు పెట్టి ఇంట్ల కూసొని నడిపించిన. రెండు వేల పైన ఫైళ్లు వచ్చినయి. పేర్లు లేవు, అంకెలే. ఒక్కొక్కటి తెరిచిన. పత్తాల ఆట చప్పుళ్లు వచ్చినయి, విండోస్ గంటలు వచ్చినయి. ఒక ఫైలు మాత్రం నాలుగు సెకన్లు ఆడింది. అండ్ల ఫ్యాన్ తిరిగే చప్పుడు, లారీ హారన్, ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఒక దగ్గు. మాట మొదలయ్యే ముందట అది తెగిపోయింది. దాన్ని ఎన్నిసార్లు విన్ననో. ఆ దగ్గు ఆయనదో కాదో కూడ నేను ప్రమాణం చేసి చెప్పలేను.

హైదరాబాద్‌ల ఒక డేటా రికవరీ షాపుకు తీసుకపోయిన. ఆ మనిషి చూసి, "ఉట్టి ఫార్మాట్ అయితే వస్తుండె మేడం. దాని మీద మొత్తం సిస్టమ్ ఎక్కింది, మళ్ల ఇరవై దినాలు వాడిండ్రు. మీద కొత్తది రాసినంక కింద పాతది ఉండదు" అన్నడు. ఆ ఇరవై దినాలు ఆయన చిన్నమ్మతోని ఆ డబ్బా గొంతుల మాట్లాడిన మాటలు, ఆకలి, ఉప్పు, కొట్లాట, అవన్నీ ఆ రికార్డుల మీదనే పడ్డయేమో. అట్లని ఆ రికవరీ షాపు మనిషి చెప్పలేదు. దారిల బస్సుల కూసొని నేనే అనుకున్న.

హార్డ్‌డిస్క్ మళ్ల బిగించి ఇచ్చిన. చిన్నాయిన దాన్ని విండోస్‌ల తప్ప నడపలేదు. ఆన్ చెయ్యంగనే వచ్చే రెండు పేర్లల్ల కింది దానికి పొయ్యేటోడు. కొంతకాలానికి అది కూడ బందు పెట్టిండు. చిన్నమ్మ మళ్ల పలక పట్టుకొని పక్కింటికి పోవుడు మొదలుపెట్టింది. "ఆ డబ్బాల మనిషే నయముండె, ఎందుకు బందువెట్టినవు?" అని ఆయనను అడిగేది. ఆయన చెయ్యి ఊపేటోడు. ఆ చెయ్యికి అర్థమేందో నేను ఇప్పుడు చెప్పబోను.

నేను తప్పు సరిదిద్దుకోవాలని వేరే దారులు దేవులాడిన. ఆపరేషన్ దాక ఆయనది బటన్ల ఫోనే, అండ్ల ఏం లేదు. చర్చోళ్లను అడిగితే ఒక క్రిస్మస్ వీడియో దొరికింది. వెనుక వరుసల నిలవడి పాడుతున్నడు. నోరు కదులుతాంది, గని వినవడేదంతా కీబోర్డు, డ్రమ్ములే. చుట్టాల పెండ్లి వీడియోలు మూడు చూసిన. ఒకదాంట్ల పంక్తిల కూసొని ఎవరితోనో ఏందో చెప్పి నవ్వుతున్నడు. మీద పాట పెట్టిండ్రు.

రెండో యేడు వానలు మొదలైనంక ఆ రోగం ఊపిరితిత్తులల్లకు పాకింది. హైదరాబాద్‌ల చూసి, ఇంటికి తోల్కపొమ్మన్నరు. ఆఖరి వారం ఆయనకు బలపం పట్టే బలం కూడ లేకుండె. చిన్నమ్మ పక్కకు కూసొని, "ఏమన్న చెప్తవా? ఏం గావాలె?" అని అడిగేది. ఆయన కండ్లు ఆమె మీద పెట్టి చూసేటోడు, తర్వాత నా దిక్కు చూసేటోడు. ఆ చూపు నన్ను తిడుతాందా, చెప్పకు అంటాందా, చెప్పు అంటాందా నాకు తెలువలేదు. ఒకసారి తప్పు చదివినదాన్ని. మళ్ల చదివే ధైర్యం చెయ్యలేదు. శుక్రవారం పొద్దుగాల పోయిండు.

నలభైయో దినం ప్రార్థన అయినంక, వచ్చినోళ్లంత పోయినంక, చిన్నమ్మ వాకిట్ల కూసొని నాతోని అన్నది, "ఫోటోలు ఇన్ని ఉన్నయి. మనిషి గొంతు యాదికి తెచ్చుకుందామంటే ఆ డబ్బాల గొంతే వస్తాంది బిడ్డా. అసలుది మర్చిపోతున్న. కోసెయ్యక ముందుగాలనే ఒక్క నాలుగు మాటలన్న పట్టిపెట్టుకుంటే గాకపోవునా. మనకెవరికీ గా తెలివి లేకపాయె."

చెప్పకు అని రాసింది ఆయన. రాసిన మనిషి లేడు. ఆయన మూడు వారాలు షట్టర్ దించుకొని చేసిన పని, ఆయనకు తోచలేదన్న నింద కింద పడి ఉన్నది. ఆమెకు ఆ నిందే నిజం. తప్పు నాది, మాట పడేది ఆయన.

మూడు నెలలు ఓపిన. నాలుగో నెల కల్వకుర్తి పోయి, పొయ్యికాడ కూసున్న చిన్నమ్మకు అంతా చెప్పిన. మైకు, పదకొండు రికార్డులు, దాసిన ఫోల్డరు, చెయ్యి, ఆగుమన్నది, నీకు చెప్పొద్దన్నది. ఏదీ దాయలేదు. ఆమె రొట్టె కాలుస్తాంది. ఆ రొట్టె మాడింది. దాన్ని తీసి పక్కకు పెట్టి, ఇంకోటి వెయ్యలేదు. నన్ను తిట్టలేదు, ఏడ్వలేదు.

"అండ్ల ఏం మాట్లాడిండు?" అని అడిగింది.

"తెలువదు చిన్నమ్మ. నేను వినలేదు. ఎవ్వరూ వినలేదు."

"పలక మీద రాయలేదా? ఏమేం చెప్పిండో?"

"నేను అడగలేదు."

అది నిజం. ఆ దినం నా ఏడుపు నేను ఏడ్చిన గని, ఏం చెప్పినవు చిన్నాయినా, ఆమెకు నేను చెప్త, రాయి అని అడగాలన్న తెలివి నాకు రాలేదు. ఆ తర్వాత ఆయన యేడాదికి పైగ బతికిండు. బలపం ఉండె, పలక ఉండె, వేళ్లు ఉండె. ఎప్పుడైనా అడగొచ్చు. ఆ ముచ్చట తీస్తే ఆయనకు బాధైతదని తియ్యలేదు అనుకున్న. ఇప్పుడు చూసుకుంటే, నాకే బాధైతదని భయపడ్డ.

చిన్నమ్మ లేచి చేతులు కడుక్కున్నది. "పదకొండా?" అన్నది.

"అవును."

"పదకొండు అంటే మస్తు మాటలు చెప్పినట్టే" అన్నది.

ఇప్పుడు నెలకొకసారి పోతున్న. ఆమె నన్ను ఎడంగ పెట్టలేదు. అన్నం పెడతది, నౌకరి సంగతి అడుగుతది. ఏ పనిల ఉన్నా నడుమ ఒకసారి ఆగి, కొత్తగ యాదికి వచ్చినట్టు ఏదో ఒకటి అడుగుతది. ఒక్కొక్కటి ఎంతసేపు ఉండెనో తెలుసునా? ఆమెను పేరు పెట్టి పిలిచిండా? ఏడ్చుకుంట మాట్లాడిండా, మామూలుగ మాట్లాడిండా? కొట్లాటలు యాది చేసిండా? నేను తెలువదు అంట. ఆమె సరే అంటది, మళ్ల పనిల పడ్తది. ఇంకో నెలకు మళ్ల అడుగుతది.